మలావీ ప్రయాణం, ఒక పాత ఫొటో

ఆదివారం పొద్దున డాబా మీద పసుపు కొమ్ములు ఆరబోస్తుంటే ఫోన్ మోగింది. నిజామాబాద్‌లో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు, ఈ రోజుల్లో మార్కెట్ యార్డు వైపు నుంచి గాలి వీస్తే ఊరంతా పసుపు వాసనే. చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ ఎత్తాను.

"అమ్మా, కూసున్నవా, నిలబడ్డవా?" అంది మా పెద్దది.

అది అట్లా మొదలుపెట్టిందంటే ఏదో ఉన్నట్టే. ఇంటర్ అయ్యాక నర్సింగ్ చదువుతానని చెప్పిన రోజు కూడా ఇట్లాగే అడిగింది.

"నిలబడ్డ. చెప్పు."

"మలావీ పోతున్న. ఆర్నెల్లు."

నాకేం తట్టలేదు. బి.ఏ. తెలుగు చదివినదాన్ని. ఆఫ్రికా అంటే నాకు తెలిసింది పైన ఈజిప్టు, కింద దక్షిణాఫ్రికా, మధ్యలో ఒక పెద్ద అడవి. రాయడానికి సిగ్గుగానే ఉంది కానీ నిజం అదే. మలావీ అనేది ఒక దేశమని, అక్కడ మనలాగే మక్కలు పండిస్తారని, మన గట్క లాంటి ముద్ద వండుకుని దాన్ని న్సిమా అంటారని ఆ తర్వాత పది రోజుల్లో తెలుసుకున్నాను.

సంగతేమిటంటే, హైదరాబాద్‌లో మా అమ్మాయి పనిచేసే ఆసుపత్రిలో తోటి నర్సు ఒకామె ఉంది. వాళ్ళ చర్చి వాళ్ళు చందాలు వేసుకుని అక్కడి పల్లెల్లో చిన్నపిల్లల క్లినిక్కుకు ఏటా ఒకరిద్దరిని పంపిస్తారట. అక్కడి నర్సుల కింద పనిచెయ్యాలి. పిల్లల్ని తూకం వెయ్యడం, జ్వరాలు చూడటం, కార్డుల్లో రాయడం. జీతం లేదు. టికెట్టు సగం వాళ్ళు పెట్టుకుంటారు, సగం ఇది దాచుకున్న డబ్బుల్లోంచి. మాది క్రైస్తవ కుటుంబం కాదు. ఆ మాటే అడిగాను, "నువ్వు ప్రార్థనలు చెయ్యాల్నా?" అని.

"పొద్దున వాళ్ళు ప్రార్థన చేసేటప్పుడు నిలబడ్తనమ్మా. బడిల నిలబడలేదా?" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఎట్లా గడిచిందో మీరు ఊహించుకోగలరు. మా ఆయన గొంతు పెంచే మనిషి కాదు, సామెతలు వేస్తారు. "అమ్మకు అన్నం పెట్టనోడు పిన్నమ్మకు బంగారు గాజులు చేపిస్తనన్నడట. మన దగ్గర బక్కపిల్లలు లేరా? బాన్సువాడ అవుతల తండాలకు పొమ్మను, ఆర్నెల్లు కాదు ఆరేండ్లు చెయ్యమను" అన్నారు. మా మరిది ఫోన్లో ఇంకో పాట. "ఇది సేవ కాదు వదినా, మతం మార్పిడి. ముందు పిల్ల మారుతది, తర్వాత మిమ్మల్ని మారుస్తది." అత్తమ్మ ఏమీ అనలేదు, కానీ రెండు పూటలు సరిగ్గా తినలేదు.

నేనేం అనుకున్నానో కూడా చెప్పాలి కదా. మొదట మలేరియా గుర్తొచ్చింది. వెంటనే, వచ్చే మాఘంలో పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళకు ఏం చెప్పుకోవాలి అనే ఆలోచన వచ్చింది. అక్కడి పిల్లల ఊసు నా మనసులో మూడోదో నాలుగోదో.

మంగళవారం నా స్నేహితురాలు వచ్చింది. పేరు రాయొద్దంది కాబట్టి స్నేహితురాలు అనే రాస్తాను. ఆమె ఇప్పుడు బోధన్ వైపు సర్కారు బడిలో టీచరమ్మ. నేను మొత్తం కథ చెప్పి, "నువ్వు చర్చికి పోతవు గదా, జెర దానికి నచ్చజెప్పు" అన్నాను. ఆమె టీ తాగి, కప్పు కింద పెట్టి, "పోనియ్యి. కానీ పోయే ముందు నా దగ్గరికి ఒకపారి పంపు" అంది.

ఆమె గురించి కొంచెం వెనక్కి పోయి చెప్పాలి.

నా చిన్నతనం బోధన్‌లో గడిచింది. బాపు శక్కర్‌నగర్‌లో, నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఇప్పుడు 2015 నుంచి అది మూతపడి ఉంది కానీ అప్పుడు క్రషింగ్ మొదలైందంటే రాత్రంతా చెరకు బండ్లు వరసకట్టి ఉండేవి. నిజాంసాగర్ కాలువ కింద ఎక్కడ చూసినా చెరకే. మొలాసిస్ వాసన మా పుస్తకాలకు కూడా పట్టేది. మా తరగతిలో ఒక మిషన్ హాస్టల్ నుంచి వచ్చే పిల్లలు కొందరు ఉండేవాళ్ళు. అందరికీ ఒకే రంగు గౌన్లు, నూనె రాసి గట్టిగా అల్లిన రెండు జడలు. అందులో ఒకతే నా స్నేహితురాలు.

హాస్టల్లో ఎందుకుందంటే, వాళ్ళ అమ్మమ్మ డిచ్‌పల్లి మనిషి. మా జిల్లాలో డిచ్‌పల్లి మనిషి అంటే అప్పట్లో అర్థం వేరు. ఇప్పటి పిల్లలకు డిచ్‌పల్లి అంటే తెలంగాణ యూనివర్సిటీ, రామాలయం. మా చిన్నప్పుడు మీటర్‌గేజీ రైలు డిచ్‌పల్లి స్టేషన్లో ఆగితే మా నాయనమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మమ్మల్ని కిటికీ దగ్గరి నుంచి లాగేసేది. అక్కడ పెద్దరోగం దవాఖాన ఉండటమే కారణం.

ఆ దవాఖాన కథ నేను ఈ మధ్యనే సరిగ్గా తెలుసుకున్నాను, అదీ మా అమ్మాయి పుణ్యమా అని. ఇసబెల్ కెర్ అని స్కాట్లాండ్ డాక్టరమ్మ, ఆమె భర్త జార్జి కెర్ మెథడిస్టు పాదిరి. నిజామాబాద్‌కు వచ్చారు. కుష్ఠు వచ్చినవాళ్ళను ఊళ్ళు ఊరి బయటకు నెట్టేస్తుంటే చూశారు. ముందు నిజామాబాద్‌లోనే చిన్న ఆశ్రయం పెట్టారు, అది చాలలేదు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి మొదలైంది. దానికి పెద్ద విరాళం ఇచ్చింది ఎవరో లండన్ దొర కాదు, మన రాజా నర్సాగౌడ్. హిందువు. ఈ సంగతి మా మరిదికి వాట్సాప్‌లో పంపాను, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు.

అప్పటికి ఆ జబ్బుకు మందు అంటే చాల్‌మోగ్రా జాతి చెట్ల గింజల నూనె. తాగితే వాంతులు. తర్వాత దాన్ని సూదితో ఎక్కించడం వచ్చింది. చిక్కటి నూనె, వారం వారం సూది, ఆ సూది పడ్డచోట వాపు. నా స్నేహితురాలి అమ్మమ్మ పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు చెంప మీద మొద్దుబారిన మచ్చ కనిపిస్తే వాళ్ళ నాయిన ఎడ్లబండిలో తీసుకొచ్చి ఆ గేటు దగ్గర దింపి పోయాడట. సద్ది మూట కట్టి ఇచ్చాడట. మళ్ళీ రాలేదు. ఆమె ఆ సూదులు వేయించుకుంటూ అక్కడే పెరిగింది, అక్కడే చదవడం నేర్చుకుంది, తనలాగే నయమైన మనిషిని అక్కడే పెళ్ళాడింది. తర్వాత డాప్సోన్ బిళ్ళలు వచ్చాయి, ఎనభైల్లో మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స వచ్చింది. ఇప్పుడు ఆరు నెలలో ఏడాదో బిళ్ళలు మింగితే పోయే జబ్బు అది. అవయవాలు పోకముందే పట్టుకోవాలి, అంతే.

మతం సంగతి దాటేసి రాస్తే న్యాయం కాదు. పాదిరి దొరలు బైబిలు లేకుండా రాలేదు. ఆ అమ్మమ్మ బాప్తిస్మం తీసుకుంది. మా మరిది మాటలు నేను చెప్పినప్పుడు స్నేహితురాలు నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. "మా అమ్మమ్మను వాళ్ళు మార్చలే. మార్చింది ఊరే. ఊర్లకెల్లి ఎల్లగొట్టినంక, అన్నం పెట్టినోళ్ళు ఏ పాట పాడితే ఆ పాట పాడింది. తప్పా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇక ఆ హాస్టల్. నా స్నేహితురాలి నాయిన చిన్నప్పుడే పోయాడు. తల్లి ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పని చేసేది. అందుకని పిల్లను హాస్టల్లో వేశారు. ఆ హాస్టల్లో ఒక్కో పిల్లకు విదేశాల్లో ఒక స్పాన్సరు ఉండేవారు. నెల నెలా డబ్బు వాళ్ళే పంపేవాళ్ళు. దానికి బదులుగా పిల్లలు ఏడాదికి రెండు మూడుసార్లు ఉత్తరం రాయాలి. ఏడాదికొక ఫొటో పంపాలి.

ఆ ఉత్తరాలు రాసింది నేను! నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని, వత్తులు తప్పు పోవని, నా స్నేహితురాలు బడిలో భోజనం బెల్లు కొట్టాక నా చేత రాయించుకునేది. తర్వాత హాస్టల్లో ఎవరో దాన్ని ఇంగ్లీషులోకి మార్చేవారు. "ప్రియమైన ఆంటీ గారికి, నమస్కారములు. నేను ఇచ్చట క్షేమము. మీరు అచ్చట క్షేమమని తలంతును. మీరు పంపిన డబ్బుతో నేను బాగా చదువుకొనుచున్నాను." అన్ని ఉత్తరాలూ ఇవే. నాకు మాత్రం భలే గర్వంగా ఉండేది, నా రాత విమానమెక్కి పోతోందని.

ఒకసారి ఆమె, "ఇట్ల రాయి, నాకు జరం వచ్చింది, అమ్మ యాదికొస్తుంది" అంది. రాశాను. మర్నాడు ఆ కాగితం తిరిగొచ్చింది, ఆ రెండు వాక్యాల మీద ఎర్ర సిరా గీతతో. అట్లా రాస్తే పంపేవాళ్ళు బాధపడతారట. మళ్ళీ క్షేమముతో మొదలుపెట్టి రాశాను. అప్పుడు నాకు అందులో ఏమీ తప్పనిపించలేదు. పైగా బాధపడే మాటలు రాసినందుకు నాకే భయం వేసింది. పదేళ్ళ పిల్లకు జ్వరం వచ్చిందన్న మాట కూడా దాచి కృతజ్ఞత మాత్రమే పంపాలని మేమిద్దరం ఆ రోజు నేర్చుకున్నాం.

ఆంటీ గారు మంచి మనిషే. క్రిస్మస్‌కు గ్రీటింగు కార్డు పంపేది, ఒకసారి పన్నెండు రంగు పెన్సిళ్ళ డబ్బా పంపింది. నాకు కుళ్ళు పుట్టి రెండు రోజులు మాట్లాడలేదు. ఒక కార్డులో తెల్లటి గుట్ట మీద చిన్న ఇల్లు, పొగగొట్టం. మేమిద్దరం చాలాసేపు చూసి అది చక్కెర గుట్ట అని తేల్చుకున్నాం. శక్కర్‌నగర్ పిల్లలం కదా, తెల్లగా కుప్ప పోసింది ఏదైనా మాకు చక్కెరే. వాళ్ళ దేశంలో ఇంటి కప్పు మీద కూడా చక్కెర పోసుకుంటారంటే ఎంత ఉన్నవాళ్ళో అనుకున్నాం.

మా అమ్మాయి రెండు రోజులు సెలవు పెట్టి వచ్చింది. ఇంటి గొడవ సద్దుమణగడానికి అది ఎంచుకున్న పద్ధతి ఏమిటంటే, వాళ్ళ నాన్నను కూర్చోబెట్టి వీడియోలు చూపించడం. అందులో ఒకటి నాకు బాగా నచ్చింది. మేరీస్ మీల్స్ అని ఒక సంస్థ, అదీ స్కాట్లాండ్ వాళ్ళదే. 2002లో మలావీలో కరువు వచ్చింది. మాగ్నస్ మాక్‌ఫర్లేన్ బారో అనే ఆయన సాయం పట్టుకుని అక్కడికి పోతే, చావుబతుకుల్లో ఉన్న ఒక తల్లి పక్కన పిల్లలు కూర్చుని ఉన్నారు. పెద్దవాడిని నీకేం కావాలని అడిగితే, కడుపునిండా తిండి, బడికి పోవడం అన్నాడట. అక్కడ 200 మంది పిల్లలకు బడిలో జావ పొయ్యడంతో మొదలై ఇప్పుడు ఒక్క మలావీలోనే పది లక్షలు దాటింది.

జావ అంటే మక్కపిండి, సోయాపిండి కలిపి విటమిన్లు చేర్చింది. మన అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం గుర్తొచ్చింది నాకు. నాకు నచ్చింది ఆ పిండి కాదు. పెద్ద పెద్ద గుండిగల్లో కట్టె పొయ్యి మీద వండేది ఆ ఊరి తల్లులే. వంతులు వేసుకుని తెల్లారకముందే వచ్చి పొయ్యి రాజేస్తారు. ఎక్కడినుంచో విమానంలో వచ్చినవాళ్ళు గరిటె పట్టుకుని ఫొటో దిగడం కాదు. ఇంత మందికి జావ అడుగంటకుండా తిప్పాలంటే ఎంత చెయ్యి పడిపోతుందో వంట చేసేదాన్ని కాబట్టి నాకు తెలుసు.

"సర్కారు బళ్ళల్ల మనకూ ఉంది గదనే మధ్యాహ్న భోజనం" అన్నారు మా ఆయన.

"ఉంది నాన్నా. సుప్రీంకోర్టు 2001ల చెప్తే మన దగ్గర 2003ల మొదలైంది. అక్కడ సర్కారు దగ్గర అన్ని పైసలు లేవు, అంతే తేడా" అంది ఇది.

ఆయన మాట్లాడలేదు. కానీ ఆయన ప్రశ్న తప్పు ప్రశ్న అని నేననను. ఇక్కడ పిల్లలు లేరా అన్నది ఎప్పుడూ అడగాల్సిందే. కాకపోతే ఇసబెల్ కెర్‌ను కూడా వాళ్ళ ఊళ్ళో ఎవరో ఒకరు ఇదే అడిగి ఉంటారు కదా అనిపించింది. స్కాట్లాండ్‌లో రోగులు లేరా తల్లీ అని. ఆమె ఆ మాట విని ఆగిపోయి ఉంటే నా స్నేహితురాలి అమ్మమ్మ ఎడ్లబండి ఏ గేటు దగ్గర ఆగేది?

ఇంకోటి కూడా తెలిసింది. ఆఫ్రికాకు ఇట్లా పోయిన తెలుగువాళ్ళలో మా అమ్మాయి మొదటిది కానే కాదు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలను నటాల్‌కు తీసుకుపోయింది, చెరకు తోటల్లో పనికి. అట్లా పోయినవాళ్ళలో తెలుగువాళ్ళు బోలెడుమంది. వాళ్ళ కోసం 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య అనే తెలుగు బాప్టిస్టు భార్య కనకమ్మతో కలిసి ఓడెక్కారు. పంపింది దొరలు కాదు, తెలుగు బాప్టిస్టు సంఘాల వాళ్ళే. చెరకు మధ్య పుట్టిపెరిగినదాన్ని, చెరకు కొట్టడం ఎంత చేటో చూసినదాన్ని, ఆ ఆకు కోసుకున్న చేతులు ఎట్లా ఉంటాయో తెలుసు. వాళ్ళ గురించి ఇన్నేళ్ళు ఒక్క ముక్క తెలియకుండా బతికానంటే ఆశ్చర్యం వేసింది.

అట్లా అని ఈ సేవాయాత్రలన్నీ నాకు నచ్చాయని కాదు. ఒక వీడియోలో పదిహేను రోజుల కోసం పోయిన కుర్రాళ్ళు బడి గోడకు రంగు వేస్తున్నారు. ఆ ఊళ్ళో గోడకు రంగు వేసేవాళ్ళు ఉండరా? టికెట్టు డబ్బులు వాళ్ళకిస్తే పది గోడలకు వేసేవాళ్ళు. ఇంకొకటిలో ఒక అమ్మాయి, చీమిడి కారుతున్న పిల్లాడిని ఎత్తుకుని కళ్ళు మూసుకుని ఫొటో దిగింది. నా ముఖం చూసి మా అమ్మాయే ఆపేసింది.

రెండో రోజు సాయంత్రం స్నేహితురాలి ఇంటికి తీసుకుపోయాను. ఆమె సర్వపిండి చేసి పెట్టింది. మలేరియా గురించి, భాష గురించి మాట్లాడారు ఇద్దరూ. మా అమ్మాయి అప్పటికే చిచేవా భాషలో నాలుగు ముక్కలు నేర్చుకుంది, అవి చెప్పి నవ్వించింది. కాసేపయ్యాక స్నేహితురాలు లోపలికి పోయి ఒక రేకు డబ్బా తెచ్చింది. రంగు పెన్సిళ్ళ డబ్బా. నాకు కుళ్ళు పుట్టించిన అదే డబ్బా. అందులో పెన్సిళ్ళు లేవు. చక్కెర గుట్ట కార్డు, ఇంకో మూడు కార్డులు, ఆమె పెళ్ళి ఫొటో ఒకటి ఉన్నాయి.

"చూడు బిడ్డా" అంది. "మా స్కూల్ల మీ అమ్మ ఫొటోలు ఉన్నయి. మీ తాత తీపిచ్చిండు. మీ ఇంట్ల ఆల్బమ్ నిండా ఉన్నయి. నన్ను ఏటేటా ఫొటో తీసిన్రు. కొత్త గౌను తొడిగి, పలక చేతికిచ్చి, నవ్వమనేటోళ్ళు. పదేండ్లల్ల పది ఫొటోలు. అన్నీ విమానమెక్కినయి. నా దగ్గర ఒక్కటి లేదు. పెండ్లికి ముందు నేనెట్ల ఉంటినో నాకు తెల్వది. నా బిడ్డలు అడిగితే చూపెట్టనీకి లేదు. ఆ ఆంటీ గారు బతికున్నదో లేదో. ఏ దేశంలనో ఏ ఇంటి అటక మీదనో నేనున్న."

ముప్పై అయిదేళ్ళుగా ఎరిగిన మనిషి. నాకు ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు కూడా.

"వాళ్ళు అన్నం పెట్టిన్రు, సదువు చెప్పిచ్చిన్రు. వాళ్ళకు వెయ్యి దండాలు. నువ్వు పోయి మంచిగ చెయ్యి. కానీ పిల్లల ఫొటో తియ్యాల్సొస్తే తల్లిని అడిగి తియ్యి. తీస్తే ఒక కాపీ ఆ పిల్లకు ఇచ్చి రా" అంది.

మా అమ్మాయి తలూపింది. దారిలో ఏం మాట్లాడలేదు. బోధన్ దాటాక కాలువ గట్టు మీద చీకటి పడింది. ఒకప్పుడు ఈ పొద్దుకు ఎదురుగా చెరకు బండ్లు వచ్చేవి, ఇప్పుడు రోడ్డు ఖాళీ.

మా ఆయన ఇప్పటికీ సరే అనలేదు. కాకపోతే మొన్న బజారు నుంచి వస్తూ దోమతెర ఒకటి తెచ్చి, ఏమీ అనకుండా దాని బ్యాగు పక్కన పెట్టారు. మలావీలో మందు పట్టించిన దోమతెరలు వాళ్ళే ఇస్తారని అది చెప్పబోతే నేను సైగ చేశాను, ఊరుకుంది. అత్తమ్మ పచ్చళ్ళ సీసాలు రెండు కట్టింది. ఎన్ని కిలోల బరువు తీసుకుపోనిస్తారో అని గొడవ పడుతున్నాం.

నిన్న రాత్రి ఫోన్ చేసింది. చేతిలో పట్టేంత ప్రింటరు ఒకటి ఉంటుందట, ఫోన్లోంచి నేరుగా ఫొటో తీసి ఇస్తుందట. కొన్నానంది. దానికి వేరే కాగితం కావాలట, అక్కడ దొరకకపోవచ్చట. నెలకు ఎంతమంది పిల్లలు క్లినిక్కుకు వస్తారో, ఎంతమంది తల్లులు అడుగుతారో లెక్క వేస్తోంది. "పచ్చడి సీసా ఒకటి తీసేసి ఇంకో రెండు పాకెట్లు పెడ్తనమ్మా, నానమ్మకు చెప్పకు" అంది.